ఎడమ పక్క కుట్టు

కత్తెరాయన నలభై ఏళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాడు. వీధిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. కత్తెర చేతిలో ఉన్నందుకు పెట్టారా, నోట్లో ఉన్నందుకు పెట్టారా అన్నది ఎవరూ తేల్చలేదు. దుకాణంలో నిలబడి "ఛాతీ ముప్పై ఎనిమిది, నడుము ముప్పై నాలుగు" అని గొంతెత్తి చదవడానికి ఆయనకు ఏ రోజూ నోరు తడబడలేదు. ఎదుటి చెప్పుల దుకాణంవాడు ఆ అంకెలు విని ఏ ఇంటావిడ ఒళ్ళు చేసిందో కూర్చున్న చోటునుంచే చెప్పేవాడు.

అలాంటి మనిషి ఆసుపత్రి గదిలో నర్సు ఎదుట, పక్కన కోడలు ఉండగా, తలెత్తి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. అనుమానం తీరక మళ్ళీ లెక్కపెట్టాడు.

"పెద్దాయనా, వింటున్నారా?" అంది నర్సు. "మొదటి వారం గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది. వాపు ఉంటుంది. రెండూ పైకెక్కినట్టు, గట్టిగా కనిపిస్తాయి. కంగారు పడకండి. కిందికి దిగి కుదురుకోవడానికి నెలలు పడుతుంది. వెల్లకిలా, వీపు కింద ఎత్తు పెట్టుకుని పడుకోవాలి. బరువులెత్తకూడదు. చేతులు పైకెత్తడం, చాచడం కూడదు."

"ఊఁ."

"ఒక పక్క మాత్రమే ఉన్నట్టుండి పెద్దదై, బిగిసిపోయి, నొప్పెక్కువైతే అప్పుడు ఆలస్యం చేయొద్దు. వెంటనే ఫోన్ చేయండి. ఏం చెప్పాను?"

"బరువులెత్తకూడదు" అన్నాడు ఆయన. ఆయన చెవిలో పడింది అదొక్కటే. మిగతాదంతా ఫ్యాను తినేసింది.

రొమ్ములు పెద్దవి చేయించుకునే ఆపరేషన్ అది. చేయించుకున్నది కోడలు. ఆమె మొగుడు, అంటే ఈయన కొడుకు, సరుకు లారీ నడుపుతాడు. ఆపరేషన్ రోజున వచ్చాడు, పెళ్ళాం కళ్ళు తెరవగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు, మర్నాడు లోడు వచ్చిందని వెళ్ళిపోయాడు. కన్నీళ్ళకు గడువు లేదు, లోడుకు ఉంది. పిల్లలిద్దర్నీ వాళ్ళ అమ్మమ్మ తీసుకెళ్ళింది. చూసుకోవడానికి మిగిలింది మామగారు. ఈ ఆపరేషన్ వద్దని మొదట అన్నదీ ఆయనే, చివరిదాకా అన్నదీ ఆయనే.

"ఈ చుట్టుపక్కల సగంమంది ఛాతీ నా కుట్టుపనేనమ్మా" అన్నాడు ఆ సంగతి తెలిసిన రోజున. "రెండు స్పాంజి గిన్నెలు లోపల పెట్టి కుడితే తీరేదానికి కత్తి కింద పడుకుంటావా?"

"రాత్రి విప్పి కొక్కేనికి తగిలించేది నాకొద్దు మామయ్యా."

"వాడేమైనా అన్నాడా?"

"ఆయనా? ఆయన లారీ టైర్లు తప్ప ఏం చూస్తారు! నాకే నచ్చలేదు. ఇద్దరు పిల్లలు తాగి వదిలేసిన ఒళ్ళు నాది. రోజూ పదిమందికి కొలతలు తీసి రాస్తాను. నావి రాసుకోవాలంటే చెయ్యి రాదు."

"దేవుడు కత్తిరించిందాన్ని ఆల్టర్ చేయిస్తానంటావు."

"మీరు చేసేదీ అదేగా మామయ్యా!"

తన దగ్గర జవాబు లేని మాటను ఆయన ఎన్నడూ క్షమించలేదు.

దుకాణంలో కొలతలు తీసేది కోడలే. అంతకుముందు ఆ పని ఆయన భార్య చేసేది. దుకాణం వెనక ఒక పరదా ఉంది. పరదాకు అటువైపు భార్య టేపు పట్టుకుని అంకెలు చెప్పేది, ఇటువైపు ఈయన వాటిని పైకి చదువుతూ రాసుకునేవాడు. నలభై ఏళ్ళలో ఆయన పరదా దాటలేదు. ఒకసారి పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి గౌను నడుము దగ్గర బిగిస్తోందని తెచ్చింది. వదులు చేసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు మళ్ళీ బిగిస్తోందని తెచ్చింది. తన కత్తెరను తానే తిట్టుకుంటూ మళ్ళీ విప్పుతుంటే భార్య పరదా వెనక పగలబడి నవ్వింది.

"ఒకసారి బిగిస్తే మీ కత్తెర తప్పండీ. విప్పాక కూడా బిగిస్తే ఆ మనిషిలో ఏదో జరుగుతోందన్నమాట. ఆ పిల్లకి నాలుగో నెల!"

ఆయన ఆ మాట ఒప్పుకోలేదు. భార్య బతికుండగా ఆమె చెప్పిన ఏ మాటా ఒప్పుకోలేదు. ఆమె పోయాక ఒప్పుకోవడానికి మనిషి లేదు. టేపు కోడలి మెడలోకి వచ్చింది. ఆయన మెడలోకి మాత్రం రాలేదు.

కోడల్ని దుకాణం మీదున్న ఇంటికి తెచ్చిన రోజే ఆయన అక్క సంచీతో దిగింది. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు పిలవకుండా వచ్చి, వాళ్ళు బాగుపడ్డా కదలని మనిషి ఆవిడ. అందరికీ పెద్దక్కే.

"ఏం కోశార్రా?" అంది గుమ్మంలోనే.

"కోసి తీసిందేం లేదు. పెట్టారు."

"ఏం పెట్టారు?"

ఆయన ఇంటి ఫ్యాను వైపు చూశాడు. దానికీ మూడే. పెద్దక్క లోపలికి వెళ్ళి, కోడలితో మాట్లాడి, బుగ్గన చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చింది.

"మా రోజుల్లో ఉన్నవి దాచుకోలేక చచ్చాం. ఇప్పుడు లేనివి కొనుక్కుంటున్నారా! నన్ను ఇది కూడా వినమని బతికించాడ్రా దేవుడు."

"మెల్లిగా. వీధిలో చెయ్యి బెణికిందని చెప్పాలి. తెలిసిందా?"

"ఏ చెయ్యి?"

"ఏదో ఒకటి."

చెప్పుల దుకాణంవాడితో ఆయన ఎడమ చెయ్యి అన్నాడు. గంట తర్వాత పెద్దక్క కుడి చెయ్యి అంది. "రెండు చేతులూనా, పాపం!" అన్నాడు వాడు. అలా వీధికంతా రెండు చేతులూ బెణికాయి. కోడలు నిజంగానే రెండు చేతులూ ఎత్తలేకపోతోంది కనుక అబద్ధం బాగానే అతికింది.

చేతులెత్తలేని మనిషికి తలమీదుగా తొడిగే బట్ట పనికిరాదు. ముందు బొత్తాలుండే చొక్కా కావాలి. వద్దన్న పనికి తన వంతు చొక్కా కుట్టాల్సి రావడం ఆయనకు మింగుడుపడలేదు. అయినా మెత్తటి నూలుగుడ్డ తీశాడు. కొలత కావాలి. అడగడానికి నోరు రాలేదు.

"పెద్దక్కా, ఈ దారం తీసుకెళ్ళి చుట్టూ కొలిచి, ముడి వేసి తీసుకురా."

"టేపు ఉందిగా?"

"అంకె నాకొద్దు."

ముడి వేసిన దారాన్ని గుడ్డ మీద పరిచి, రెండు పక్కలా సమానంగా కత్తిరించాడు. అంకె తెలియకపోతే మర్యాద నిలబడ్డట్టేనని ఆయన లెక్క. చొక్కా తొడుక్కుని కోడలు తలుపు వెనకనుంచి చెప్పింది: "సరిగ్గా సరిపోయింది మామయ్యా. ఒళ్ళు నొక్కట్లేదు." ఆయన గోడకు తలూపాడు.

మొదటి రోజులు ఇంటికి ఒక కొత్త మతం వచ్చినట్టు గడిచాయి. వీపు కింద గుడ్డల మూటలు పేర్చి కోడల్ని ఆనించారు. పక్కకు తిరిగితే చురుక్కుమనేది. ఆసుపత్రివాళ్ళిచ్చిన బిగుతు బాడీ రాత్రీపగలూ విప్పకూడదు. చర్మం లాగి కట్టిన డప్పులా మెరిసేది.

"అత్తయ్యా, ఇవేంటి గొంతు కిందికి వచ్చి కూర్చున్నాయి?" అంది కోడలు పెద్దక్కతో.

"కొన్నది నువ్వు. అమ్మినవాణ్ణి అడుగు."

అడగడం కత్తెరాయన మీద పడింది. కోడలు మాత్రల మత్తులో సగం నిద్రలో ఉండేది.

"అమ్మా, నేను... మా కోడలికి పై భాగం..." అన్నాడు ఫోన్లో.

"తలనొప్పా?" అంది నర్సు.

"తల కాదు. తల కింద."

"గొంతా?"

"ఇంకా కింద."

"పెద్దాయనా, రొమ్ములా?"

ఆయన ఫోనును మూరెడు దూరం పట్టుకున్నాడు. "అవే. పైకి ఉన్నాయట."

"మామూలే."

మరోరోజు కోడలు కారణం లేకుండా ఏడ్చింది. చేయించుకోకుండా ఉండాల్సిందని ఏడ్చింది, చేయించుకున్నందుకు సంతోషంగా ఉందని ఏడ్చింది. నర్సుకు ఫోన్ చేశారు. మామూలే. ఒకచోట చర్మానికి స్పర్శ తెలియడం లేదు. మామూలే, మెల్లిగా వస్తుంది. కమిలిన నలుపు పొట్ట వైపు జారి పసుపురంగుకు తిరిగింది. మామూలే. మూడు రోజులుగా కడుపు కదలలేదు. నొప్పి మాత్రల వల్ల, నీళ్ళు బాగా తాగించండి, అదీ మామూలే.

ఆ మాట ఇంట్లో అందరికీ జలుబులా అంటుకుంది. పాలు విరిగితే మామూలే. కొడుకు ఫోన్ చేయకపోతే మామూలే. "నేను చచ్చినా వీడు మామూలే అంటాడు" అంది పెద్దక్క.

దుకాణంలో మాత్రం మామూలుగా ఏమీ లేదు. కొలతలు తీసే దిక్కు లేదు. పెద్దక్కకు అంకెలు రావు. పాత గిరాకీలకు పాత కొలతల మీద కుట్టాడు. కొత్తవాళ్ళను తర్వాత రమ్మన్నాడు. ఒక పొద్దున హెడ్మాస్టరమ్మ వచ్చింది. మెట్టెక్కితే మెట్టుకు తెలిసే మనిషి.

"బడి వార్షికోత్సవానికి కోటు కుట్టాలి. కొలతలు తియ్యండి."

"మీ కొలతలు నా దగ్గరున్నాయండీ, పోయినేడాదివి."

"పోయినేడాది మనిషిని కాదు నేను. కనబడట్లేదా?"

కనబడుతోంది. ఆయన మేడమెట్ల దగ్గరికి వెళ్ళి, పైకి వినబడేలా గోడతో అన్నాడు: "టేపు పట్టేవాళ్ళు లేక వచ్చిన గిరాకీ వెనక్కిపోతోంది. నలభై ఏళ్ళ దుకాణం. కానివ్వండి."

గోడ ఏమీ అనలేదు. కోడలు దిగి వచ్చింది, ఒక్కో మెట్టు మీదా ఆగుతూ.

"నేను తీస్తాను మామయ్యా."

"ఆసుపత్రిలో వద్దన్నారు కదే!" అంది పెద్దక్క.

"వద్దన్నది బరువులెత్తడం" అన్నాడు ఆయన. "టేపు బరువెంత?" అని తానే తీసి కోడలి చేతికిచ్చాడు.

టేపుకు బరువు లేదు. హెడ్మాస్టరమ్మకు చుట్టుకొలత ఉంది. కౌగిలించుకుంటే తప్ప టేపు రెండు కొసలూ కలవని మనిషి ఆవిడ. పరదా వెనక కోడలు రెండు చేతులూ బారగా చాచి, ఆవిడ వీపు వెనక టేపు అందుకుని లాగింది. లోపల ఎడమ పక్కన ఏదో పుటుక్కుమన్నట్టయింది. "అమ్మా" అంది మెల్లిగా.

"చేతులు ఇంకా నొప్పా?" అంది హెడ్మాస్టరమ్మ.

"మామూలేనండీ" అంది కోడలు. అంకెలు చెప్పింది. ఇటువైపు మామగారు వాటిని గొంతెత్తి చదువుతూ రాసుకున్నాడు. ఎదుటి దుకాణంవాడు ఈల వేశాడు.

మధ్యాహ్నం పెద్దక్క చొక్కా పట్టుకుని దుకాణంలోకి దిగింది.

"ఎడమ పక్క బిగిస్తోందట. బొత్తం పట్టట్లేదు."

కత్తెరాయన మొహం మాడిపోయింది. "రెండు పక్కలూ ఒకే దారం మీద కత్తిరించాను. నీ ముడి వంకరై ఉంటుంది."

"నా ముడిని అంటావేంరా! మొన్నటిదాకా సరిపోయిన చొక్కా ఇవాళ నా ముడికి బిగుసుకుందా?"

సరైన ప్రశ్నే. ఆయనకు వినబడలేదు. కత్తెర మీద మాట వస్తే ఆయనకు ఇంకేదీ వినబడదు. ఎడమ పక్క కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డను వేలెడు వదిలి, మళ్ళీ కుట్టి పంపాడు. తన వయసు అయిపోయిందా, కళ్ళు పోతున్నాయా అని దిగులు పడ్డాడు. అంతసేపూ పైన కోడలు దుప్పటి కప్పుకుని, పళ్ళు బిగించి కూర్చుని ఉంది.

పొద్దు వాలుతుండగా పెద్దక్క మళ్ళీ దిగింది. అదే చొక్కా.

"మళ్ళీ బిగిస్తోందట. అదే పక్క."

"నొప్పేమైనా ఉందంటోందా?"

"ఉందట. మామూలేగా!"

ఆయన చొక్కాను బల్ల మీద పరిచి బ్లేడు తీశాడు. రెండు కుట్లు తెగాయి. మూడో కుట్టు మీద చెయ్యి ఆగింది. కుడి పక్క మొదట వేసిన కుట్టు అలాగే ఉంది. ఎడమ పక్క వదిలిన గుడ్డ వదిలినట్టే ఉంది. అయినా చాలలేదట. దుకాణం వెనక పరదా గాలికి కదిలింది. దాని వెనక ఎవరూ లేరు. నవ్వు మాత్రం వినబడ్డట్టయింది. విప్పాక కూడా బిగిస్తే.

ఆయన బ్లేడు పడేసి మెట్లెక్కాడు, వెనకే పెద్దక్క. పడకగది గుమ్మానికీ ఒక పరదా ఉంది. దాని ముందు నిలబడ్డాడు.

"అమ్మాయ్, లేచి కిటికీ దగ్గరికి రా. వెలుతురులో నిలబడు."

"మామయ్యా?"

"గుడ్డను చూసినట్టే చూస్తాను. సిగ్గుపడే టైము కాదిది. పెద్దక్కా, అమ్మాయిని పట్టుకో."

పరదా తీసి చూశాడు. నలభై ఏళ్ళు అంకెలు రాసిన కన్ను. టేపు అక్కర్లేకపోయింది. బిగుతు బాడీని ఎడమ పక్క లోపలినుంచి ఏదో తోస్తోంది. దాని అంచు చర్మంలోకి దిగిపోయింది. పైన కనిపించే చోట రంగు వంకాయలా తిరిగింది. కోడలి పెదవి మీద చెమట, మొహంలో రక్తం లేదు.

"పొద్దున్నుంచేనా?"

"టేపు లాగినప్పట్నుంచి. మామూలేమో అనుకున్నాను మామయ్యా."

ఆయన ఫోన్ అందుకున్నాడు.

"పెద్దాయనా, మళ్ళీ ఏమైంది? ఏ భాగం?" అంది నర్సు.

"ఎడమ రొమ్ము!" అన్నాడు కత్తెరాయన, దుకాణంలో అంకెలు చదివే గొంతుతో. కిటికీ తెరిచే ఉంది. "పొద్దున రెండూ సమానం. ఇప్పుడు ఎడమ రొమ్ము కుడిదానికన్నా రెండు వేళ్ళు పెద్దది. బిగిసింది, కమిలింది, పూటపూటకీ పెరుగుతోంది. మామూలే అన్నావంటే మాత్రం..."

"మామూలు కాదు. వెంటనే తీసుకురండి. ఏమీ తినిపించొద్దు, తాగించొద్దు."

కిందికి వచ్చేసరికి చెప్పుల దుకాణంవాడు తన సరుకు వ్యాను వెనక తలుపు తీసి నిలబడి ఉన్నాడు. వాడు ఏమీ అడగలేదు. అడగడానికి మిగిలితే కదా! వీధిలో రెండు చేతులూ ఒక్క క్షణంలో నయమైపోయాయి.

లోపల తెగిన చిన్న రక్తనాళం నుంచి నెత్తురు కారి గడ్డకట్టిందన్నారు. మళ్ళీ తెరిచి, కడిగి, నాళం మూసి, పెట్టినదాన్ని తిరిగి పెట్టారు. ఇంకా ఆగి ఉంటే ఆ పక్కది తీసేయాల్సి వచ్చేదని, నెత్తురు ఎక్కువ పోతే ప్రాణం మీదికి కూడా వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది.

"చేతులు చాచొద్దని చెప్పాం కదా. ఏం పని చేసింది?"

"గిరాకీ ఎక్కువైంది" అన్నాడు కత్తెరాయన.

"గిరాకీ కాదు డాక్టరమ్మా, వీడి నోరు ఎక్కువైంది" అంది పెద్దక్క. "టేపు బరువెంత అన్నాడు మహానుభావుడు."

డాక్టరమ్మ ఆయన వైపు చూసింది. ఆ గదిలో ఫ్యాను లేదు. ఆయన తల దించుకోవాల్సి వచ్చింది.

కోడలు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. అదే బండ, అదే వాపు, అవే గుడ్డల మూటలు. ఈసారి ఎవరూ మామూలే అనలేదు. నర్సు చెప్పినదంతా కత్తెరాయన ఆమె మొహంలోకి చూస్తూ విన్నాడు, తిరిగి అప్పజెప్పాడు. ఒక పక్క అన్న మాటను రెండుసార్లు చెప్పాడు. ఇంటికి వచ్చాక పరదా తీసేసి టేపు తన మెడలో వేసుకున్నాడు. కోటు చూసుకోవడానికి వచ్చిన హెడ్మాస్టరమ్మ చేతులెత్తి నిలబడి, "అదేంటండీ, ఫ్యానును చూస్తూ కొలుస్తారా?" అంది. అలవాటు ఒక్కరోజులో పోదు.

ఆయన మనసు మార్చుకున్నాడని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. స్పాంజి గిన్నెల మాట ఇప్పటికీ ఎత్తుతాడు.

వాపు కొంత తగ్గాక ఒక సాయంత్రం కోడలు చొక్కా చేత్తో పట్టుకుని దుకాణంలోకి దిగింది. అదే చొక్కా. ఎడమ పక్క విప్పిన కుట్టు విప్పినట్టే ఉంది, కింద పిన్నీసు పెట్టి ఉంది.

"మామయ్యా, నిజం చెప్పండి. రెండూ ఒకేలా ఉన్నాయా? అద్దాన్ని నమ్మబుద్ధి కావట్లేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. తిన్నగా చూశాడు.

"ముందు వంగకుండా నిలబడు. భుజం వాల్చావు. ఆఁ. ఎడమది ఇంకా కొంచెం పైనుంది. దిగుతుంది."

"దిగకపోతే?"

"దిగకపోతే దండగ. దిగినా దండగే."

"నవ్వించకండి, లాగుతుంది" అంది కోడలు, గుండెల మీద చెయ్యి పెట్టుకుని. "ఆ కుట్టు వేసివ్వండి. వదులుగా ఉంది."

ఆయన చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. "అంకె చెప్పు మరి. రాసుకుంటాను."

కోడలు చొక్కా బల్ల మీద పెట్టింది. "ఇప్పుడే వద్దు మామయ్యా. అవి కుదురుకోనివ్వండి. అప్పుడు నేనే రాసుకుంటాను."

ఆయన పెన్సిలు చెవి వెనకే పెట్టుకున్నాడు. మిషను దగ్గరికి వెళ్ళలేదు. సూదిలో దారం ఎక్కించి, ఎడమ పక్క లాగితే వచ్చేసే కచ్చా కుట్టు వేశాడు. కొస ముడి వేయకుండా వదిలి, చొక్కా దులిపి ఇచ్చాడు.